బడి వదిలాక మరో బడి ఎందుకు?

బడి గంట కొట్టిన క్షణం నుంచి, పనికి వెళ్లిన తల్లిదండ్రులు ఇల్లు చేరేదాకా ఉన్న మూడు నాలుగు గంటల్లో నగరాల పేదవాడల పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు. ఉపాధ్యాయుల బాధ్యత ఆ గంటతో తీరిపోతుంది. తల్లి పనివేళ మాత్రం ఇంకా ముగియదు. ఈ ఖాళీని పూరించడానికి ప్రభుత్వాలూ, స్వచ్ఛంద సంస్థలూ, ఉదారులైన వ్యక్తులూ నూటయాభై ఏళ్లకు పైగా ఏవో ఏర్పాట్లు చేస్తూనే ఉన్నారు. 1860లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో, వీధుల్లో తిరిగే మగపిల్లల కోసం ముగ్గురు మహిళలు ఒక క్లబ్బు తెరిచారు. నేడు ఆ దేశమంతటా విస్తరించిన బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్స్ సంస్థ తన చరిత్రను అక్కడి నుంచే చెప్పుకుంటుంది. ఇంతకాలం గడిచినా ఒక ప్రశ్న మీద మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ గంటల్లో పిల్లల చేత ఏం చేయించాలి?

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇలాంటి కేంద్రాల్లో ఎక్కువ భాగం చేస్తున్న పని, అంటే బడి ఇచ్చిన హోంవర్క్‌ను పూర్తి చేయించి పంపడం, ఆ సమయాన్ని వాడుకోగల మార్గాలన్నిటిలోకీ బలహీనమైనది. చదువు చెప్పదలిస్తే తరగతి పుస్తకం ఏ పేజీలో ఉందో చూడకుండా, ఆ బిడ్డ నిజంగా ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచి చెప్పాలి. మిగిలిన సమయాన్ని కళలకూ ఆటలకూ చేతిపనులకూ మనస్ఫూర్తిగా ఇవ్వాలి. ఈ రెండు పనులనూ ఏళ్ల తరబడి నిలిచి చేసే మనుషులకు సరైన జీతం ఇవ్వాలి. వినడానికి ఇందులో వివాదాస్పదమైనదేమీ లేనట్టు ఉంటుంది. కానీ నిధులు ఇచ్చేవారు అడిగే నివేదికలూ, బడులు కోరే సాయమూ, తల్లిదండ్రులు ఆశించే ఫలితమూ అన్నీ ఇందుకు ఎదురుదిశలోనే లాగుతుంటాయి.

కలిగిన కుటుంబాల్లో ఈ ప్రశ్న ఇంత గట్టిగా ఎదురుకాదు, ఎందుకంటే అక్కడ ఆ గంటలను ముందే కొనుక్కుని ఉంటారు. ఒకరోజు సంగీతం, మరోరోజు ఈత, ఏదైనా పాఠంలో వెనుకబడితే ఆ ఒక్క పాఠానికే ట్యూటరు. గ్రెగ్ డంకన్, రిచర్డ్ మర్నేన్ అనే పరిశోధకులు అమెరికా కుటుంబాల ఖర్చులను పరిశీలించి చూపిన అంకెలు ఈ విషయంలో ఎంతో చెబుతాయి. ట్యూషన్లు, సంగీతం, శిబిరాలు, పుస్తకాలు వంటి వాటి మీద 1972-73లో ఆదాయంలో పై ఐదో వంతు కుటుంబాలు ఒక్కో బిడ్డకు ఏడాదికి సుమారు 3,500 డాలర్లు ఖర్చు చేస్తే, అట్టడుగు ఐదో వంతు కుటుంబాలు సుమారు 800 డాలర్లు ఖర్చు చేశాయి. 2005-06 నాటికి ఆ మొత్తాలు సుమారు 8,900, 1,300 అయ్యాయి. ఇవన్నీ 2008 నాటి డాలర్ విలువలో లెక్కించినవే కాబట్టి ధరల పెరుగుదల దీనికి కారణం కాదు. పేద కుటుంబాలు కూడా తమ శక్తి మేరకు ఎక్కువే పెట్టాయి, అయినా మధ్యనున్న దూరం దాదాపు మూడింతలైంది. ఇద్దరు పిల్లలు ఒకే రకమైన బడికి వెళ్లినా బడి బయటి గంటలు వారిని వేర్వేరు దిక్కులకు తీసుకుపోతాయనడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక పేదవాడలో ఆ గంటలకు దొరికేది, దొరికితే గిరికితే, హోంవర్క్ గది. అందులో కూర్చున్నవారికి దాని సంగతి తెలుసు. ఒకే గదిలో మూడో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలుంటారు, ఇద్దరో ముగ్గురో వాలంటీర్లుంటారు. ఏడో తరగతి అబ్బాయి బీజగణితం లెక్క ఒకటి పట్టుకొస్తాడు. వివరించబోతే, చిక్కు బీజగణితంలో లేదని రెండు నిమిషాల్లో తేలిపోతుంది. భిన్నాలు అతనికి ఎన్నడూ అర్థం కాలేదు, భాగహారం కూడా సగం సగమే వచ్చు. వెనక్కి వెళ్లి భిన్నాలు నేర్పడం మొదలుపెడితే రేపటి నోటుబుక్కు ఖాళీగా ఉంటుంది, బడిలో అతనికి తిట్లు పడతాయి. లెక్క చేసి చూపించి రాసుకోమంటే నోటుబుక్కు నిండుతుంది, బడి సంతోషిస్తుంది, తల్లి సంతోషిస్తుంది, ఆ కేంద్రం వార్షిక నివేదికలో హోంవర్క్ పూర్తిచేసిన పిల్లల శాతం పెరుగుతుంది. పక్కన మరో పదిమంది పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు ఎంత చిత్తశుద్ధి ఉన్న వాలంటీరైనా ఈ రెండో పనే చేస్తాడు. అతని తప్పేమీ లేదు, ఆ గదిని ఏర్పాటు చేసిన తీరే అతని చేత ఆ పని చేయిస్తుంది. నేను కూర్చున్న గదుల్లో జరిగిన దానిలో అత్యధిక భాగం నకలు రాయడమే.

ఈ వెనుకబాటు ఎంత లోతైనదో ఢిల్లీలో జరిగిన ఒక అధ్యయనం కొలిచి చూపింది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ అనే ఆర్థికవేత్తలు పేదవాడల్లో బడివేళల తర్వాత నడిచే మైండ్‌స్పార్క్ కేంద్రాలను 2015-16లో పరీక్షించారు. ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల నుంచి ముందుకు వచ్చిన 619 మంది పిల్లల్లో లాటరీ తీసి 314 మందికి కేంద్రంలో చోటిచ్చారు, మిగిలినవారితో పోల్చి చూశారు. మొదటి పరీక్షలోనే తెలిసిన విషయం ఏమిటంటే, ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ దూరం నాలుగున్నర తరగతులకు చేరింది. అంటే తొమ్మిదో తరగతి పాఠం చెబుతున్న ఉపాధ్యాయుడి ముందు నాలుగో తరగతి, ఐదో తరగతి గణితం వచ్చిన పిల్లలు కూర్చుని ఉన్నారన్న మాట. లాటరీలో చోటు దక్కని పిల్లల్లో అట్టడుగు మూడో వంతు ఆ నెలల్లో బడిలో చేరి ఉండి కూడా ఈ పరీక్షల్లో గుర్తించదగిన పురోగతి చూపలేదు. ఈ ఒక్క వాక్యం చదివాక కూడా సాయంత్రపు కేంద్రం తరగతి పుస్తకాన్నే మళ్లీ తెరవాలని వాదించడం నాకు సాధ్యం కాదు.

ఆ కేంద్రాల్లో ఒక్కో సెషన్ గంటన్నర. అందులో సగం కంప్యూటర్ మీద, ప్రతి బిడ్డ స్థాయినీ పసిగట్టి అక్కడి నుంచి ప్రశ్నలు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో సాగేది. మిగతా సగం సహాయకుల దగ్గర చిన్న బృందాల్లో సాగేది. ఆ రెండో సగంలో హోంవర్క్ సాయం కూడా ఉండేదన్నది నిజమే, దాన్ని దాచను. నాలుగున్నర నెలల తర్వాత చోటు దక్కిన పిల్లలు గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర ముందుకు వెళ్లారు. ప్రామాణిక విచలనం అంటే పిల్లల మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత. ఇంత తక్కువ కాలానికి విద్యారంగంలో ఇది చాలా పెద్ద మార్పు, పైగా వారి సగటు హాజరు 60 శాతానికి లోపే. దాదాపు అదే కాలంలో, అదే నగరంలో, అదే వయసు పిల్లలకు చిన్న బృందాల్లో తరగతి స్థాయి పాఠాలనే చెప్పిన మరో ట్యూషన్ కార్యక్రమం ఇంతకంటే ఎక్కువ గంటలు తీసుకుని కూడా మార్కులను కదిలించలేకపోయింది. అందువల్ల ఫలితం అదనపు గంటల వల్ల వచ్చిందనుకోలేం. పిల్లల స్థాయికి తగిన పాఠం వల్ల వచ్చిందనుకోవడమే సబబు.

ఈ అధ్యయనంలో మరో వివరం ఉంది, నాకది అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోస్తుంది. బడి సొంతంగా పెట్టిన పరీక్షల్లో హిందీ మార్కులు పెరిగాయి గాని గణితం మార్కుల్లో స్పష్టమైన మెరుగుదల కనిపించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. మూడో తరగతి గణితం నుంచి ఐదో తరగతి గణితానికి ఎదిగిన పిల్ల నిజంగా ఎంతో నేర్చుకుంది. కానీ ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రం ఆమెను ఐదో తరగతి ప్రశ్న ఒక్కటి కూడా అడగదు. ఆ పత్రం దృష్టిలో ఆమె నిన్నా సున్నాయే, నేడూ సున్నాయే. సాయంత్రపు కేంద్రాన్ని బడి మార్కులతో తూచే దాత, ఈ పిల్ల విషయంలో కార్యక్రమం విఫలమైందని రాసుకుంటాడు. ఆ మాట పడకుండా ఉండాలనుకునే నిర్వాహకుడు వచ్చే ఏడాది నుంచి పాస్ మార్కులకు దగ్గరలో ఉన్న పిల్లలనే ఏరి చేర్చుకుంటాడు. అందరికంటే అవసరమున్న పిల్ల అలా గుమ్మం బయటే మిగిలిపోతుంది.

స్థాయిని బట్టి బోధించడానికి కంప్యూటర్లే ఉండనక్కర్లేదు. ముంబయి, వడోదరాల్లో ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యాసంస్థ 2001 నుంచి 2003 దాకా బాలసఖి పేరిట నడిపిన కార్యక్రమాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో, మరి ఇద్దరు సహ పరిశోధకులు పరిశీలించారు. అది బడి వేళల్లోనే జరిగినది కాబట్టి మన విషయానికి నేరుగా సరిపోలదు, అయినా దాని పాఠం ఇక్కడికీ వర్తిస్తుంది. హైస్కూలు చదివిన స్థానిక యువతులు, రెండు వారాల శిక్షణతో, నెలకు 500 నుంచి 750 రూపాయల వేతనంతో, వెనుకబడిన పదిహేను ఇరవై మందిని రోజుకు రెండు గంటల పాటు విడిగా కూర్చోబెట్టి మౌలికమైన చదవడం, లెక్కలు నేర్పారు. మొదటి ఏడాది 0.14, రెండో ఏడాది 0.28 ప్రామాణిక విచలనాల మేర మార్కులు పెరిగాయి. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది కూడా. ఆ కరిగిపోవడాన్ని కొందరు వైఫల్యంగా చూస్తారు. కొన్నేళ్లు సాగవలసిన పనిని ఏడాది రెండేళ్లకే ఆపితే ఏం జరుగుతుందో అది చెబుతోందని నేననుకుంటాను.

ఇప్పుడు అమెరికా అనుభవం గురించి కొంత వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఈ రంగంలో అతి పెద్ద ప్రభుత్వ ప్రయత్నాల్లో ఒకటి అక్కడిదే. ట్వంటీఫస్ట్ సెంచురీ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్స్ అనే సమాఖ్య కార్యక్రమానికి 1998లో 4 కోట్ల డాలర్లు కేటాయిస్తే 2002 నాటికి అది సుమారు 100 కోట్లకు చేరింది. ఇంత వేగంగా పెరిగిన కార్యక్రమం ఫలితం గురించి మ్యాథమాటికా సంస్థ పరిశోధకులు చేసిన మూల్యాంకనం 2003లో మొదటి నివేదికగా, 2005లో తుది నివేదికగా వెలువడింది. కేంద్రాలకు వెళ్లిన ప్రాథమిక పాఠశాల పిల్లలు బడి తర్వాత తాము సురక్షితంగా ఉన్నామని భావించారు. కానీ చదువులో తేడా రాలేదు, ప్రవర్తన విషయంలో కొన్ని కొలమానాల మీద కొంత చెడు ప్రభావం కూడా కనిపించింది. మొదటి నివేదిక వచ్చిన సందర్భంలోనే అధ్యక్షుడు బుష్ ప్రభుత్వం ఆ నిధులను సుమారు 60 కోట్లకు కుదించాలని ప్రతిపాదించింది, అక్కడి చట్టసభ కాంగ్రెస్ ఒప్పుకోలేదు. ఆ తర్వాత సాగిన వాదోపవాదాల్లో సమర్థకులు అధ్యయనం లోపాలు వెతికారు, విమర్శకులు మొత్తం ఆలోచననే కొట్టిపారేశారు.

ఇద్దరూ అసలు విషయాన్ని వదిలేశారని నా అభిప్రాయం. ఆ కేంద్రాల్లో చదువు పేరిట ప్రధానంగా జరిగింది హోంవర్క్ సెషన్లే. పిల్లలకు కూర్చోవడానికి చోటు, రాసుకోవడానికి సమయం ఇచ్చారు గాని దగ్గర కూర్చుని నేర్పినది తక్కువ, పైగా పిల్లల హాజరు కూడా అంతంతమాత్రమే. ఇందులోంచి మార్కులు పెరగకపోవడం ఆశ్చర్యం కాదు, పెరిగి ఉంటేనే ఆశ్చర్యపడాలి. జోసెఫ్ డర్లక్, రోజర్ వైస్‌బర్గ్, మోలీ పాచన్ 2010లో దాదాపు 70 కార్యక్రమాల మూల్యాంకనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు ఇదే మరో రూపంలో బయటపడింది. నైపుణ్యాన్ని మెట్టు మెట్టుగా నేర్పడం, పిల్లల చేత చేయించి నేర్పడం, దానికంటూ ప్రత్యేకంగా సమయం కేటాయించడం, ఏం నేర్పుతున్నామో స్పష్టంగా చెప్పుకోవడం, ఈ నాలుగు లక్షణాలూ ఉన్న కార్యక్రమాలు పిల్లల ఆత్మవిశ్వాసాన్నీ ప్రవర్తననూ చదువునూ మెరుగుపరిచాయి. అవి లేనివాటిలో చెప్పుకోదగిన ప్రభావం లేదు. తలుపు తెరిచి ఉంచినంత మాత్రాన లోపల ఏదో జరుగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదన్న మాట.

ఇక కళలు, ఆటల సంగతి. ఈ రంగంలో వీటిని పాఠ్యేతర కార్యకలాపాలు అని పిలిచి, చదువు అయ్యాక సమయం మిగిలితే చేయించవలసినవిగా చూస్తారు. హోంవర్క్ పూర్తి చేసినవారికే ఫుట్‌బాల్, వెనుకబడినవారికి అదనంగా మరో అరగంట లెక్కలు అన్న నియమం నేను చాలాచోట్ల చూశాను. రోజంతా బడిలో తనకు రానిదాన్నే ఎదుర్కొని వచ్చిన బిడ్డకు, తనకు వచ్చేది ఏదో ఒకటి ఉందని తెలిసే ఏకైక అవకాశాన్ని కూడా ఈ నియమం తీసేస్తుంది. చదరంగంలో ఏకాగ్రత పెరుగుతుందనీ, సంగీతం వల్ల గణితం వస్తుందనీ చెప్పి కళలను సమర్థించడం కూడా నాకు నచ్చదు. సంపన్నుల పిల్లలు వయొలిన్ నేర్చుకుంటే అది వయొలిన్ కోసమే. పేదపిల్లలు నేర్చుకుంటే మాత్రం అది ఏదో ఒక కొలవదగిన ప్రయోజనం కోసమై ఉండాలని ఎందుకు అడుగుతాం?

పాతకాలపు సెటిల్‌మెంట్ హౌస్‌లు, అంటే పేదల పేటల్లోనే నివాసముంటూ వారికి సేవ చేసినవారు నడిపిన కేంద్రాలు, ఈ విషయంలో మనకంటే నిబ్బరంగా ఆలోచించాయి. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో షికాగోలోని వలసకూలీల పేటలో హల్ హౌస్ తెరిచినప్పుడు, శిశువుల బడితో పాటు చిత్రశాల, సంగీత పాఠశాల, వ్యాయామశాల అక్కడ క్రమంగా రూపుదిద్దుకున్నాయి. పన్నెండుమంది సంతానమున్న ఒక దర్జీ ఇంట్లో పుట్టిన బెన్నీ గుడ్‌మన్ బాల్యంలో హల్ హౌస్ పిల్లల బ్యాండులో వాయించాడు, తర్వాతి కాలంలో అమెరికా జాజ్ సంగీతంలో క్లారినెట్ అంటే గుర్తొచ్చే పేరయ్యాడు. ఆ బ్యాండులోని మిగతా పిల్లలు ప్రసిద్ధులు కాలేదు, అందువల్ల వారికి నేర్పింది వృథా అని ఎవరూ అనరు. నేటి కేంద్రాల్లో నాకు కనిపించే దోషం మరొకటి: వైవిధ్యం మీద మోజు. ఈ వారం మట్టిబొమ్మలు, వచ్చే వారం ఫోటోగ్రఫీ, ఆపై వారం రోబోటిక్స్, ప్రతిదానికీ ఒక అతిథి, ఒక బ్యానరు, ఒక గుంపు ఫోటో. దేన్లోనూ పిల్లలకు మొదటి కష్టం దాటి రెండో మెట్టు ఎక్కే వీలుండదు. ఒకే వాద్యాన్నో ఒకే ఆటనో రెండు మూడేళ్లు పట్టుకుంటే తప్ప సాధన అంటే ఏమిటో బిడ్డకు తెలియదు, నేర్చుకోవడం మీద నమ్మకం పుట్టేది అక్కడే.

లోతుగా నేర్పే కార్యక్రమాలకు వేరే ప్రమాదం ఉంది, అది ఎవరు లోపలికి వస్తారన్నది. హోసే ఆంటోనియో అబ్రేయు 1975లో వెనిజులాలో మొదలుపెట్టిన ఎల్ సిస్టెమా, పేదపిల్లలకు ఆర్కెస్ట్రా సంగీతం ఉచితంగా నేర్పే వ్యవస్థగా ప్రపంచమంతా పేరు పొందింది. 16 కేంద్రాల్లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను లాటరీ తరహాలో ఎంచి జరిపిన అధ్యయనం, ఆ శిక్షణ పిల్లల స్వీయ నియంత్రణను కొంత పెంచిందనీ, తల్లుల చదువు తక్కువైన ఇళ్ల పిల్లల్లో ఆ మేలు ఎక్కువగా కనిపించిందనీ తేల్చింది. మరి పేదపిల్లలు వచ్చారా అంటే, ఆ ప్రాంతాల్లో పేదరికం సుమారు 47 శాతం ఉంటే కేంద్రాల్లో చేరిన పిల్లల్లో పేదలు సుమారు 17 శాతమే ఉన్నారు. ఉచితమని బోర్డు పెడితే సరిపోదు. దరఖాస్తు గురించి వినగలిగిన తల్లి, గడువులోగా కాగితాలు ఇవ్వగలిగిన తండ్రి, రోజూ దిగబెట్టి తీసుకురాగలిగిన ఎవరో ఒకరు ఉన్న ఇళ్ల పిల్లలే ముందు వస్తారు. నిజంగా అవసరమున్న ఇళ్లకు నిర్వాహకులే నడిచి వెళ్లాలి, తలుపు తట్టాలి, రాకపోతే మళ్లీ వెళ్లాలి.

అక్కడే మనుషుల ప్రశ్న వస్తుంది, నా దృష్టిలో మొత్తం వ్యవహారం నిలబడేదీ కూలేదీ దాని మీదే. టొరాంటోలోని రీజెంట్ పార్క్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో 2001లో ప్రారంభమైన పాత్‌వేస్ టు ఎడ్యుకేషన్ కార్యక్రమంలో సాయంత్రపు ట్యూటరింగ్ ఉంది, మెంటర్లు ఉన్నారు, హాజరును బట్టి ఇచ్చే బస్సు టికెట్లు ఉన్నాయి, పై చదువులకు దాచిపెట్టే నిధి ఉంది. వీటన్నిటినీ కలిపి ఉంచేది ప్రతి విద్యార్థికీ కేటాయించిన ఒక ఉద్యోగి. పిల్ల బడికి వెళుతోందో లేదో చూడడం, ఇంటివారితో మాట్లాడడం, ఉపాధ్యాయులను కలవడం, కొన్నేళ్ల పాటు అదే పిల్లను కనిపెట్టుకుని ఉండడం ఆ ఉద్యోగి పని. ఫిలిప్ ఓరియోపౌలస్, ఆయన సహ పరిశోధకులు జరిపిన విశ్లేషణలో అక్కడి పిల్లల హైస్కూలు ఉత్తీర్ణతా, పై చదువుల్లో చేరికా బాగా పెరిగాయి, కొన్ని బృందాల్లో 50 శాతానికి మించి పెరిగాయి. అందులో ఏ అంశం వాటా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. అయినా పిల్లల పేర్లు, వారి ఇళ్ల పరిస్థితి తెలిసిన ఒక పెద్ద మనిషి స్థిరంగా లేకుండా మిగతా అంశాలు పనిచేసేవని నేను నమ్మను.

ఈ స్థిరత్వానికి డబ్బు కావాలి, ఆ డబ్బు ఇవ్వడానికే ఎవరూ ఇష్టపడరు. కంప్యూటర్లు కొనిస్తారు, గోడలకు రంగులు వేయిస్తారు, జీతాల పద్దు దగ్గరకు వచ్చేసరికి వాలంటీర్లు దొరకరా అని అడుగుతారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర ఓటర్లు 2002లో ప్రజల ఓటుకు పెట్టిన ప్రతిపాదన 49ని ఆమోదించి బడి తర్వాతి కార్యక్రమాలకు ఏటా 55 కోట్ల డాలర్ల రాష్ట్ర నిధిని హామీ ఇచ్చారు. సాయంత్రం ఆరింటి దాకా తెరిచి ఉంచాలని, ఇరవై మంది పిల్లలకు ఒక ఉద్యోగి ఉండాలని నియమాలు కూడా ఉన్నాయి. అంత మెచ్చుకోదగిన చట్టంలోనూ ఒక్కో బిడ్డకు రోజుకు ఇచ్చే మొత్తం 2006 నుంచి పదేళ్లకు పైగా 7.50 డాలర్ల వద్దే ఉండిపోయింది, 2017లో 8.19కి పెరిగింది. ఆ కాలంలోనే రాష్ట్రంలో కనీస వేతనం గంటకు 6.75 నుంచి 10.50 డాలర్లకు చేరింది. ఈ రెండు గీతల మధ్య ఇరుక్కున్న నిర్వాహకుడు పనిగంటలు కోసుకుంటాడు, అనుభవజ్ఞులను వదులుకుంటాడు, కాలేజీ విద్యార్థులను పెట్టుకుంటాడు, వాళ్లు ఏడాది తిరక్కుండానే వెళ్లిపోతారు. ఇప్పటికే జీవితంలో ఎందరో వెళ్లిపోవడం చూసిన పిల్లలకు మరొకరు వెళ్లిపోవడం చూపించడానికి మనం కార్యక్రమం పెట్టనవసరం లేదు.

వాలంటీర్లను నేను తక్కువ చేయడం లేదు. వారానికి ఒకరోజు వచ్చి కథలు చదివి వినిపించేవారికి, వీణ నేర్పేవారికి కేంద్రంలో చోటు ఉండాలి. కేంద్రానికి వెన్నెముక మాత్రం వారు కాలేరు, కావాలని ఆశించడం వారికీ అన్యాయమే.

కొన్ని చిన్న విషయాలు పెద్ద సిద్ధాంతాల కంటే ఎక్కువగా హాజరును నిర్ణయిస్తాయి. పెద్దక్క కేంద్రానికి రావాలంటే ఇంట్లో ఉన్న నాలుగేళ్ల తమ్ముణ్ణి ఎవరు చూస్తారన్నది ఒకటి. ఆ తమ్ముడికి కూడా ఒక మూల చాప వేయని కేంద్రం ఆడపిల్లలను తనంత తానుగా దూరం చేసుకుంటుంది. చీకటి పడ్డాక ఇంటికి నడిచే దారి మరొకటి. మధ్యాహ్నం ఎప్పుడో తిన్న బిడ్డకు సాయంత్రం ఏదైనా పెట్టకుండా భిన్నాలు నేర్పబోవడం ఇంకొకటి. పదమూడు పద్నాలుగేళ్లు వచ్చిన పిల్లలు చిన్నపిల్లలతో కలిసి కూర్చోవడానికి సిగ్గుపడి మానేస్తారు, వారికి వేరే గది, వేరే వేళ, చిన్నవాళ్లకు నేర్పే బాధ్యత ఇస్తే నిలుస్తారు. ప్రణాళికలు రాసేవారు ఈ వివరాలను అనుబంధంలో పెడతారు. నా వరకు ఇవే మొదటి అధ్యాయం.

అభ్యంతరాలు రెండున్నాయి, రెండూ బరువైనవే. బడి సరిగ్గా నేర్పితే సాయంత్రం మళ్లీ నేర్పవలసిన అవసరమేమిటి, ఈ కేంద్రాలు బడి వైఫల్యాన్ని కప్పిపుచ్చడం లేదా అన్నది మొదటిది. ఈ విమర్శ హోంవర్క్ గదికి అక్షరాలా వర్తిస్తుంది, ఎందుకంటే అది బడి లోటును కనబడకుండా నింపి పంపుతుంది. స్థాయిని బట్టి నేర్పే కేంద్రం ఇందుకు భిన్నంగా పనిచేయగలదు. ఏ బిడ్డ ఎన్ని తరగతులు వెనుక ఉందో కాగితం మీద పెట్టి బడికీ తల్లిదండ్రులకూ చూపిస్తే, అప్పటిదాకా నోటుబుక్కుల నిండుదనం వెనుక దాగిన విషయం బయటికి వస్తుంది. బడులు బాగుపడేదాకా ఆగుదామనుకుంటే ఇప్పుడు ఐదో తరగతిలో ఉన్న పిల్లకు ఆగడానికి సమయం లేదు.

పిల్లలకు ఊరికే ఉండే సమయం కూడా కావాలి కదా, సాయంత్రాన్ని సైతం టైంటేబుల్‌లో బిగించాలా అన్నది రెండోది. ఇది నేను పూర్తిగా ఒప్పుకునే అభ్యంతరం. అందుకే చదువు గంటను మించకూడదని, కళకో ఆటకో మరో గంట ఇచ్చి, ఆ తర్వాత పెద్దలు కంటికి కనబడేంత దూరంలో ఉంటూ పిల్లలను వారి మానాన వదిలేయాలని నేను కోరతాను. వారానికి ఆరు రోజులూ తప్పనిసరి చేయడం కూడా అక్కర్లేదు.

వీటితో పాటు ఒక సమర్థన మీద కూడా నాకు అభ్యంతరం ఉంది, అది మిత్రులు చేసేది. అమెరికాలో బడి ఉన్న రోజుల్లో మైనర్ల హింసాత్మక నేరాలు బడి వదిలిన వెంటనే, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో శిఖరానికి చేరతాయని నేర గణాంకాలు చెబుతాయి. అందువల్ల పోలీసు అధికారులు, రాజకీయ నాయకులు ఈ కార్యక్రమాలకు నేర నిరోధం పేరిట మద్దతు పలుకుతారు, డబ్బు కూడా ఆ పేరు మీద తేలిగ్గా వస్తుంది. పిల్లల భద్రత నిజమైన విషయమే. కానీ ఒక వాడలోని పిల్లలందరినీ కాబోయే నేరస్థులుగా ఊహించి కట్టిన గదిలో వారిని కనిపెట్టి ఉండే కాపలాయే ప్రధానమవుతుంది, నేర్పడం తర్వాతి స్థానానికి పోతుంది. ఆ చూపును పిల్లలు చాలా త్వరగా గుర్తుపడతారు.

నిధులు ఇచ్చేవారు, వారు ప్రభుత్వమైనా సంస్థ అయినా, ఏం అడగాలన్నది చివరి ప్రశ్న. బడి మార్కులు అడగడం ఎందుకు తప్పుదారి పట్టిస్తుందో పైన చెప్పాను. చేరినప్పుడు బిడ్డ చదవగలిగినదేమిటి, చేయగలిగిన లెక్క ఏది, ఏడాది తర్వాత అవి ఎక్కడికి వచ్చాయి అన్నది కేంద్రమే తేలికైన మౌఖిక పరీక్షతో కొలిచి చెప్పవచ్చు. దానికి మరో రెండు అంకెలు చేర్చాలి. మొదటి ఏడాది వచ్చిన పిల్లల్లో రెండో ఏడాది ఎందరు తిరిగి వచ్చారు, మొదటి ఏడాది పనిచేసిన బోధకుల్లో ఎందరు ఇంకా ఉన్నారు. పిల్లలకు రావాలన్న నిర్బంధం లేదు కాబట్టి మొదటి అంకెను మెరుగుపరచి చూపించడం కష్టం. రెండోది జీతాల పద్దును బట్టి దానంతట అదే మారుతుంది. ఈ మూడూ నివేదిక మొదటి పేజీలో ఉండాలి, గుంపు ఫోటోలు ఎంత వెనక ఉన్నా నాకు అభ్యంతరం లేదు.